ఇంటి కంప్యూటర్‌కు తేలికైన పీడీఎఫ్ రీడర్: ఎంపిక నుంచి అమరిక దాకా

"ఏ పీడీఎఫ్ రీడర్ తేలికైనది?" అని అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు మీకు పనికొస్తుందా లేదా అన్నది మీరు తెరిచే ఫైళ్లను బట్టి ఉంటుంది. నవలలు చదువుకునేవారికి చక్కగా సరిపోయిన ప్రోగ్రామ్, దరఖాస్తు ఫారాలు నింపాల్సినవారి దగ్గర మొదటి రోజే చేతులెత్తేస్తుంది. అందుకే పేర్లకంటే ముందు పద్ధతి చెబుతున్నాను.

నా సలహా ఏమిటంటే, రోజూ చదువుకోవడానికి ఒక తేలికైన రీడర్ పెట్టుకోండి. ఎప్పుడో ఒకసారి వచ్చే బరువైన పనికి ఇంకొకటి అందుబాటులో ఉంచుకోండి. అన్ని పనులూ ఒక్క ప్రోగ్రామే చేయాలని పట్టుబట్టినప్పుడే కంప్యూటర్ మీద అనవసరమైన భారం పడుతుంది.

దీనికంతటికీ ఒక సాయంత్రం చాలు. వరుస మాత్రం తప్పించకండి. పరీక్ష చేయకముందే పాత ప్రోగ్రామ్‌ను తీసేసి, తర్వాత ఇబ్బంది పడేవారు చాలామంది.

## 1. ముందు మీ పనుల జాబితా రాసుకోండి

కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకదానిలో వారంలో చాలాసార్లు చేసే పనులు, రెండోదానిలో ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేవి రాయండి. ఇంట్లో ఆ కంప్యూటర్ వాడే అందరినీ అడిగి రాయండి.

అడగాల్సినవి ఇవి:

- చదవడం ఒక్కటేనా, గీతలు గీయడం, పక్కన వ్యాఖ్యలు రాయడం కూడా ఉందా?
- ఫారాలు నింపాలా?
- డిజిటల్ సంతకం సరైనదో కాదో సరిచూడాలా?
- పీడీఎఫ్ ఒక్కటేనా, ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం), డేజావూ (స్కాన్ పుస్తకాలకు వాడే ఫైలు రకం), బొమ్మల కథల ఫైళ్లు కూడా ఉన్నాయా?
- ఎక్కువగా ప్రింట్ తీస్తారా?
- చూపు సమస్య వల్ల తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవారు ఎవరైనా ఉన్నారా?

చివరి ప్రశ్నను దాటవేయకండి. తేలికైన రీడర్లలో చాలావాటికి ఈ విషయంలో తోడ్పాటు అంతంతమాత్రమే. అలాంటి అవసరం ఉన్నవారికి ప్రధాన బ్రౌజర్లు, అడోబీ అక్రోబాట్ రీడర్ మెరుగు. అక్కడ తేలికదనం కోసం వారిని ఇబ్బంది పెట్టడం సరికాదు.

మొదటి వరుసలో ఉన్న పనులను బట్టే రోజువారీ రీడర్‌ను ఎంచుకుంటాం. రెండో వరుసను బట్టి పక్కన ఉంచుకునే ప్రోగ్రామ్ ఏదో తేలుతుంది.

## 2. కంప్యూటర్ వివరాలు చూసి పెట్టుకోండి

విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ కింద అబౌట్ అనే పేజీకి వెళ్లండి. మెమరీ ఎంత ఉందో, సిస్టమ్ 32 బిట్‌దా 64 బిట్‌దా అనేది అక్కడే కనిపిస్తుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఈ రెండో వివరం అవసరమవుతుంది.

హార్డ్ డిస్కు పాత తరహాదా, ఎస్‌ఎస్‌డీనా (తిరిగే భాగాలు లేని వేగవంతమైన కొత్త తరహా డిస్కు) అన్నది కూడా తెలుసుకోండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం కింద డిస్క్ పక్కన సాధారణంగా ఇది రాసి ఉంటుంది. పాత తరహా డిస్కు ఉంటే పెద్ద ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి పట్టే సమయమే మీకు ఎక్కువ చికాకు కలిగిస్తుంది. మెమరీ తక్కువగా ఉంటే బరువైన ఫైలు తెరిచాక అసలు సమస్య మొదలవుతుంది. ఈ రెండు బాధలకూ మందు ఒకటే కాదు.

## 3. తేలిక అంటే దేన్ని కొలవాలి?

చాలామంది ఇన్‌స్టాలర్ సైజు చూసి నిర్ణయిస్తారు. అది చిన్న సూచన మాత్రమే. తేలికదనాన్ని నాలుగు చోట్ల చూడాలి.

తెరుచుకునే వేగం. ఫైలు మీద రెండుసార్లు నొక్కినప్పటి నుంచి మొదటి పేజీ చదవడానికి వీలుగా కనిపించే దాకా పట్టే సమయం. ఖాళీ కిటికీ త్వరగా వచ్చి, పేజీ ఆలస్యంగా వస్తే దాన్ని వేగం అనలేం.

మెమరీ వాడకం. ఫైలు చిన్నదైనా మెమరీ ఎందుకు ఎక్కువ పడుతుందో ఒక లెక్కతో తెలుస్తుంది. ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున బొమ్మగా మారిస్తే 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలవుతాయి. ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున ఆ ఒక్క పేజీకే సుమారు 35 మెగాబైట్లు కావాలి. డిస్కు మీద అదే పేజీ కుదించిన రూపంలో వంద కిలోబైట్లే ఉండవచ్చు. జూమ్ రెట్టింపు చేస్తే చుక్కలు నాలుగు రెట్లవుతాయి. కాబట్టి మంచి తేలికైన రీడర్ కళ్ల ముందున్న పేజీని, దాని చుట్టుపక్కల కొన్నింటిని మాత్రమే సిద్ధం చేసుకుని, దాటిపోయిన వాటిని వదిలేస్తుంది.

వెనుక నడిచే భాగాలు. కిటికీ మూసేశాక కూడా నవీకరణలు చూసేవి, కంప్యూటర్ మొదలుకాగానే లేచి కూర్చునేవి కొన్ని రీడర్లకు ఉంటాయి. మీరు పీడీఎఫ్ తెరవని రోజున కూడా వాటి భారం పడుతూనే ఉంటుంది.

తెరమీది హడావుడి. పక్క పట్టీలు, ఖాతాతో లాగిన్ కమ్మనే పిలుపులు, వేరే సేవల ప్రకటనలు. వీటికి మెమరీతో పెద్దగా సంబంధం లేకపోయినా, చదువుతున్నవారి దృష్టిని ఇవి లాగేస్తాయి. నా దృష్టిలో ఇదీ బరువే.

## 4. పరీక్ష కోసం మీ ఫైళ్లే తీసుకోండి

ఈ మార్గదర్శిలో దేన్నైనా శ్రద్ధగా చేయాలంటే ఇదే చేయండి. ఇతరుల సమీక్షల్లోని అంకెలు వారి ఫైళ్లవి. మీ కంప్యూటర్లో ఇప్పటికే మిమ్మల్ని విసిగించిన ఫైళ్లు ఉంటాయి కదా, వాటిని ఒక ఫోల్డర్‌లోకి నకలు తీసి పెట్టండి. అసలు ఫైళ్ల మీద పరీక్షలు చేయవద్దు. గీతలు, వ్యాఖ్యలు వాటిలో ఉండిపోతాయి.

ఫోల్డర్‌లో ఇవి ఉండాలి:

- టైపు చేసిన అక్షరాలతో ఉన్న పెద్ద పుస్తకం, వీలైతే విషయసూచిక ఉన్నది
- స్కాన్ చేసిన పుస్తకం, పేజీలు ఎంత ఎక్కువుంటే అంత మంచిది
- తెలుగు అక్షరాలున్న ఫైలు
- నింపాల్సిన ఫారం
- పటం లేదా ఇంటి నక్షా లాంటి సన్నని గీతలు నిండిన పేజీ
- మీరు చదివే ఇతర రకాల ఫైళ్లలో ఒక్కొక్కటి

స్కాన్ పుస్తకానికి ప్రత్యేక స్థానం ఎందుకంటే, అందులో ప్రతి పేజీ ఒక ఫొటో. జేపెగ్ 2000 పద్ధతిలో కుదించిన పేజీలను విప్పడానికి ప్రాసెసర్ చాలా శ్రమపడాలి. పేజీ తిప్పగానే తెల్లగా ఆగిపోయి, కాసేపటికి అక్షరాలు వచ్చేది ఇలాంటి ఫైళ్లలోనే. గీతలు నిండిన పటం కష్టం ఇంకో రకం. అందులో బొమ్మ ఉండదు, లక్షల గీతలను ఒక్కొక్కటిగా గీయమనే ఆదేశాలుంటాయి. ఒక రీడర్ మొదటిదానిలో బాగా నడిచి రెండోదానిలో తడబడవచ్చు.

### తెలుగు ఫైలును ముందే ఇలా తనిఖీ చేయండి

ఒక వాక్యాన్ని ఎంచుకుని నకలు తీసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి.

- తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) ఫైలు. వెతుకులాట పరీక్షకు పనికొస్తుంది.
- ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే పాత పద్ధతి ఫాంటుతో చేసిన ఫైలు. తెరమీద తెలుగు కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది వేరే సంకేతాలు. ఏ రీడర్‌లోనూ ఇందులో తెలుగు మాట టైపు చేసి వెతకలేరు.
- వాక్యాన్ని ఎంచుకోవడమే కుదరకపోతే అది స్కాన్ బొమ్మ.
- తెలుగే వచ్చినా ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురైతే ఫైలు లోపల అక్షరాల పట్టిక సరిగా లేదు. ఒక రీడర్‌కు మరో రీడర్‌కు ఇక్కడ కొంత తేడా ఉండవచ్చు కాబట్టి రెండింటిలోనూ ప్రయత్నించండి.

ఈ తనిఖీ చేయకుండా "ఈ రీడర్‌లో తెలుగు వెతకడం రాదు" అని మంచి ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టేయడం తరచూ జరుగుతుంది.

## 5. ఇప్పటికే ఉన్నదానితో మొదలుపెట్టండి

కొత్తది దించుకునే ముందు, మీ బ్రౌజర్‌లో పరీక్ష ఫైళ్లను తెరవండి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్ మూడూ పీడీఎఫ్‌ను నేరుగా చూపిస్తాయి, సాధారణ ఫారాలను నింపనిస్తాయి. బ్రౌజర్ ఎలాగూ రోజంతా తెరిచే ఉంటే, నెలకు నాలుగు రసీదులు చూసేవారికి ఇంకేమీ అక్కరలేదు. ఇక్కడితో ఆగిపోయినా తప్పు లేదు.

మ్యాక్ వాడేవారికి ప్రివ్యూ అనే ప్రోగ్రామ్ వ్యవస్థతో పాటే వస్తుంది. అది వేగంగా తెరుచుకుంటుంది, గీతలు గీయనిస్తుంది, పేజీల క్రమం మార్చనిస్తుంది. చాలామందికి అదే చాలు.

బ్రౌజర్ సరిపోని సందర్భాలివి: వందల పేజీల పుస్తకాలను రోజుల తరబడి చదవడం, చదివిన పేజీ దగ్గరే మళ్లీ తెరుచుకోవాలని కోరుకోవడం, ఈపబ్, డేజావూ ఫైళ్లు చదవడం, స్కాన్ పుస్తకాలు. వీటిలో ఏ ఒక్కటైనా మీ మొదటి వరుసలో ఉంటే ముందుకు వెళ్లండి.

## 6. ఇద్దరు అభ్యర్థులను ఎంచుకోండి

ఐదారు ప్రోగ్రామ్‌లు దించుకుని కంప్యూటర్ నింపకండి. రెండు చాలు. కానీ ఆ రెండింటి లోపలి ఇంజిన్ వేరువేరుగా ఉండేలా చూసుకోండి.

పీడీఎఫ్ పేజీని తెరమీద గీసే పని చేసే భాగాన్నే ఇంజిన్ అంటున్నాను. పైకి వేరే పేర్లున్నా చాలా రీడర్లు ఒకే ఇంజిన్‌ను పంచుకుంటాయి. సుమత్రా పీడీఎఫ్ లోపల ఉన్నది మ్యూపీడీఎఫ్. ఓక్యులర్, ఎవిన్స్, ఆట్రిల్, ఎక్స్‌రీడర్ నాలుగూ పాప్లర్ మీద ఆధారపడతాయి. క్రోమ్‌లో పీడీఎఫియమ్, ఫైర్‌ఫాక్స్‌లో దాని సొంత పీడీఎఫ్ జేఎస్ ఉన్నాయి. ఎవిన్స్‌లో పాడుగా కనిపించిన పేజీని ఆట్రిల్‌లో తెరిస్తే సాధారణంగా అలాగే కనిపిస్తుంది. మ్యూపీడీఎఫ్ ఉన్నదానిలో తెరిస్తే బాగుపడే అవకాశం ఉంది.

### విండోస్‌లో

సుమత్రా పీడీఎఫ్ నుంచి మొదలుపెట్టమని నేను చెబుతాను. ఉచితం, మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉన్న ప్రోగ్రామ్. పీడీఎఫ్‌తో పాటు ఈపబ్, మోబీ, డేజావూ, ఎక్స్‌పీఎస్ లాంటి ఇతర రకాల ఫైళ్లను, బొమ్మల కథల ఫైళ్లనూ తెరుస్తుంది. చదివిన పేజీని గుర్తుంచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే రూపం కూడా ఉంది. దాని సెట్టింగులు ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరగవచ్చు. ఫారాలు నింపడానికి, డిజిటల్ సంతకాలు సరిచూడడానికి మాత్రం దీని మీద ఆధారపడకండి.

ఓక్యులర్ దీనికంటే బరువైనదే. అయితే ఫారాలు, వ్యాఖ్యలు, సంతకాల తనిఖీ మూడూ చేస్తుంది. లినక్స్‌లో పుట్టినా విండోస్‌లోనూ దొరుకుతుంది. 2022లో జర్మనీ ప్రభుత్వ పర్యావరణ ముద్ర బ్లూ ఏంజెల్‌ను పొందిన తొలి సాఫ్ట్‌వేర్ ఇదే. ఆ ముద్ర ఇచ్చేటప్పుడు చూసేవాటిలో ప్రోగ్రామ్ ఎంత శక్తిని, వనరులను వాడుకుంటుందన్నది కూడా ఉంటుంది.

అడోబీ అక్రోబాట్ రీడర్‌ను తేలికైన వాటిలో చేర్చలేం. ఇన్‌స్టాల్ చేశాక వందల మెగాబైట్ల స్థలం తీసుకుంటుంది. కానీ క్లిష్టమైన ఫారాలకు, సంతకాలకు అది ఇప్పటికీ గట్టి ఆధారం. పక్కన ఉంచుకునే స్థానానికి అది తగినదే.

### లినక్స్‌లో

మీ డెస్క్‌టాప్ వాతావరణంతో (తెరమీది కిటికీలు, మెనూలు చూపించే భాగం, ఉదాహరణకు మేట్, కేడీఈ) వచ్చిన రీడర్‌నే ముందు పరీక్షించండి. మేట్‌లో ఆట్రిల్, లినక్స్ మింట్‌లో ఎక్స్‌రీడర్, కేడీఈలో ఓక్యులర్ ఉంటాయి. కేడీఈ లేని కంప్యూటర్లో ఓక్యులర్ పెడితే దానితో పాటు చాలా సహాయక ప్యాకేజీలు దిగుతాయి, అది గమనించండి. కీబోర్డుతోనే అన్నీ చేయడం అలవాటున్నవారికి జథూరా చాలా హాయిగా ఉంటుంది. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌కు మాత్రం దాన్ని డిఫాల్ట్‌గా (ఫైలు నొక్కగానే దానంతటదే తెరుచుకునే ప్రోగ్రామ్‌గా) పెట్టకండి. మెనూలు లేని కిటికీ చూసి మిగతావారు అయోమయపడతారు.

### మ్యాక్‌లో

ప్రివ్యూ సరిపోకపోతే స్కిమ్ చూడండి. పాఠాలు, పరిశోధన వ్యాసాలు చదువుతూ వ్యాఖ్యలు రాసుకునేవారికి అది బాగుంటుంది. అయితే అది తన వ్యాఖ్యలను మామూలుగా పీడీఎఫ్ లోపల కాకుండా విడిగా దాస్తుంది. వేరేవారికి పంపే ముందు వ్యాఖ్యలతో కూడిన పీడీఎఫ్‌గా ఎగుమతి చేయాలి.

## 7. దించుకోవడం, ఇన్‌స్టాల్ చేయడం

ఇక్కడ తొందర పనికిరాదు. వెతుకులాట ఫలితాల్లో పైన కనిపించేది చాలాసార్లు ప్రకటన. అసలు తయారీదారు సైటు నుంచి గానీ, వ్యవస్థతో వచ్చిన యాప్ స్టోర్ నుంచి గానీ మాత్రమే తీసుకోండి.

ఇన్‌స్టాల్ చేసే ముందు:

- [ ] మీ సిస్టమ్‌కు సరిపడే 64 బిట్ లేదా 32 బిట్ రూపమే దించుకున్నారా?
- [ ] విండోస్‌లో ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే డిజిటల్ సిగ్నేచర్స్ విభాగంలో తయారీదారు పేరు కనిపిస్తోందా?
- [ ] మీ విండోస్ రూపానికి ఆ ప్రోగ్రామ్ తోడ్పాటు ఇంకా ఉందా? ఉదాహరణకు, పాత విండోస్ ఎక్స్‌పీ మీద సుమత్రా 3.1.2 వరకే నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు త్వరగా అయిపోయే దారి కాకుండా, ఎంపికలు చూపించే దారిలో వెళ్లండి. అదనపు టూల్‌బార్లు, బ్రౌజర్ పొడిగింపులు, పరిమిత కాలం నడిచే వేరే ప్రోగ్రామ్‌లు పెట్టమనే టిక్కులు కనిపిస్తే తీసేయండి. డిఫాల్ట్‌గా మార్చమంటే ఇప్పుడే ఒప్పుకోకండి. పరీక్ష ఇంకా కాలేదు.

## 8. పరీక్ష

వరుసగా ఇలా చేయండి.

మొదట కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. ఒకసారి తెరిచిన ప్రోగ్రామ్‌ను విండోస్ మెమరీలో నకలుగా ఉంచుకుంటుంది కాబట్టి రెండోసారి ఏ రీడరైనా వేగంగానే వస్తుంది. ఒకదాన్ని రీస్టార్ట్ తర్వాత, ఇంకోదాన్ని అప్పటికే తెరిచి ఉన్నాక పోలిస్తే లెక్క తప్పుతుంది. ఒక్కో రీడర్‌కు ముందు ఒక్కోసారి రీస్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు తెరవండి.

స్కాన్ పుస్తకంతో మొదలుపెట్టండి. తెరుచుకునే సమయం చూడండి. తర్వాత ఒక యాభై పేజీలు ఆపకుండా కిందికి జరపండి. పేజీ తెల్లగా ఎంతసేపు ఉంటోంది? ఆపిన వెంటనే అక్షరాలు స్పష్టమవుతున్నాయా? ఆ తర్వాత ఒక్కసారిగా పుస్తకం చివరికి దూకండి. అక్కడ సాఫీగా కదలకపోతే ఆ రీడర్‌తో మీరు నెలల తరబడి విసుగు పడతారు.

మెమరీ చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మూడు సమయాల్లో అంకె రాసుకోండి: తెరవగానే, యాభై పేజీలు జరిపాక, పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేశాక. పేజీలు జరుపుతుంటే పెరగడం సహజం. ఒక హద్దు దగ్గర ఆగాలి. ముందుకూ వెనక్కూ తిప్పుతున్న కొద్దీ ఆగకుండా పెరుగుతూ పోతే ఆ రీడర్‌ను వదిలేయండి. కిటికీ మూసేశాక దాని పేరుతో ఇంకా ఏమైనా నడుస్తోందో కూడా అదే జాబితాలో వెతకండి.

పటాన్ని తెరిచి 400 శాతం దాకా పెంచండి. మౌస్‌తో పట్టుకుని అటూఇటూ లాగండి. గీతలు వెంట వస్తే బాగున్నట్టే.

వెతకండి. తెలుగు యూనికోడ్ ఫైలులో ఒత్తు, గుణింతం రెండూ ఉన్న మాట ఒకటి టైపు చేసి చూడండి. "పుస్తకం", "విద్యార్థి" లాంటివి సరిపోతాయి. దొరికిన చోట రంగు సరిగ్గా ఆ మాట మీదే పడుతోందా అన్నది కూడా గమనించండి.

గీత గీసి, వేరే చోట తెరవండి. మీ జాబితాలో వ్యాఖ్యలు ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి. రెండు వాక్యాలకు రంగు వేసి, సేవ్ చేసి, మూసేసి, అదే ఫైలును బ్రౌజర్‌లో తెరవండి. రంగు కనిపిస్తే వ్యాఖ్యలు ఫైలు లోపలే భద్రపడ్డాయి. కనిపించకపోతే ఆ రీడర్ వాటిని తన దగ్గరే విడిగా దాచుకుంటోంది. కంప్యూటర్ మారిన రోజున ఆ శ్రమంతా పోతుంది. సుమత్రాలో రంగు వేశాక విడిగా సేవ్ చేయాలి, చదివిన పేజీ దానంతటదే గుర్తుంటుంది కదా అని దీన్నీ అలాగే అనుకోకండి.

ఒక్క పేజీ ప్రింట్ తీయండి. ప్రింట్ ఎంపికల్లో పేజీని కాగితానికి సరిపెట్టే అమరిక ఒకటి, అసలు కొలతలో వదిలే అమరిక ఒకటి ఉంటాయి. రెండోదాన్ని ఎంచుకుని, వచ్చిన కాగితం మీద తెలిసిన కొలత ఒకటి స్కేలుతో కొలవండి. కుట్టుపని నమూనాలు, నక్షాలు ప్రింట్ తీసేవారికి ఇది చాలా ముఖ్యం.

ఫారం సంగతి క్లుప్తంగా: నింపి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచినప్పుడు రాసినవి ఉంటే చాలు.

## 9. నచ్చినదాన్ని డిఫాల్ట్‌గా పెట్టండి

విండోస్‌లో ఏదైనా పీడీఎఫ్ ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. "ఓపెన్స్ విత్" పక్కన ఉన్న "చేంజ్" నొక్కి కొత్త రీడర్‌ను ఎంచుకోండి. ఈపబ్ లాంటి ఇతర రకాలకు ఇదే పని విడివిడిగా చేయాలి.

తర్వాత ఈ అమరికలు ఒకసారి చూడండి:

- [ ] చివరిసారి చదివిన పేజీ గుర్తుంచుకోవడం
- [ ] తెరిచినప్పుడు పేజీ వెడల్పు కిటికీకి సరిపోవడం. సుమత్రాలో కంట్రోల్ 2 నొక్కితే ఇది వస్తుంది, కంట్రోల్ 0 పూర్తి పేజీని చూపిస్తుంది
- [ ] పక్క పట్టీలు మూసి ఉండడం
- [ ] నవీకరణల సమాచారం రావడం. దీన్ని మాత్రం ఆపకండి

చివరి అంశం మీద గట్టిగా చెబుతున్నాను. పీడీఎఫ్ ఫైలు లోపల జావాస్క్రిప్ట్ (ఫైలు తెరవగానే నడవగల చిన్న ప్రోగ్రామ్ కోడ్) కూడా ఉండవచ్చు, రీడర్‌లోని లోపాలను వాడుకుని దాడి చేసే ఫైళ్లూ ఉంటాయి. చాలా తేలికైన రీడర్లు జావాస్క్రిప్ట్‌ను పట్టించుకోవు కాబట్టి ఆ దారి కొంత మూసుకుపోతుంది. మిగతా దారులు నవీకరణలతోనే మూసుకుంటాయి. పక్కన ఉంచుకున్న అడోబీ రీడర్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి జావాస్క్రిప్ట్ టిక్కు తీసేయండి. దానితోనే పనిచేసే ఫారం ఏదైనా వస్తే ఆ ఒక్కసారికి మళ్లీ పెట్టుకోవచ్చు.

## 10. పాతదాన్ని ఎప్పుడు తీసేయాలి?

వెంటనే వద్దు. రెండు వారాలు ఆగండి. ఆ లోపు ఇంట్లో ఎవరికి ఏ ఫైలుతో ఇబ్బంది వచ్చిందో అడుగుతూ ఉండండి. పాతదాన్ని ఒక్కసారి కూడా తెరవాల్సిన అవసరం రాకపోతే సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి తీసేయండి.

ఉంచాలనుకుంటే కనీసం దాన్ని నిద్రపుచ్చండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ విభాగానికి వెళ్లి, కంప్యూటర్‌తో పాటు మొదలయ్యే దాని భాగాలను డిసేబుల్ చేయండి. అలా చేసినవారు ఆ ప్రోగ్రామ్‌ను తెరిచిన ప్రతిసారీ నవీకరణ ఉందేమో స్వయంగా చూసుకోవాలి.

## 11. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి సవరణలు

ఫారం బదులు "దయచేసి ఆగండి" అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ సందేశం మాత్రమే కనిపిస్తోంది. ఎంతసేపు ఆగినా ఏమీ రాదు. అది ఎక్స్‌ఎఫ్‌ఏ అనే వేరే పద్ధతిలో చేసిన ఫారం. తేలికైన రీడర్లలో చాలావాటికి అది తెలియదు. 2021లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 93 నుంచి ఆ బ్రౌజర్ ఇలాంటి ఫారాలను తెరుస్తోంది. అక్కడా కుదరకపోతే అడోబీ రీడర్‌లో తెరవండి.

డిజిటల్ సంతకం గుర్తు కనిపిస్తోంది కానీ సరైనదో కాదో తెలియడం లేదు. గుర్తు కనిపించడం వేరు, సంతకాన్ని సరిచూడడం వేరు. సరిచూసే రీడర్‌లోనే తెరవాలి. అక్కడ కూడా ప్రశ్నార్థకం వస్తే, ఫైలు నకిలీది అనుకోనక్కరలేదు. సంతకం చేసినవారికి డిజిటల్ ధ్రువపత్రం ఇచ్చిన సంస్థ ఆ రీడర్ నమ్మే జాబితాలో లేకపోయినా అదే గుర్తు వస్తుంది. సంతకం వివరాలు తెరిచి, సంతకం తర్వాత ఫైలులో మార్పు జరిగిందని రాసి ఉందేమో చూడండి. అలా ఉంటే దాన్ని తీవ్రంగా తీసుకోవాలి.

అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. ఆ ఫాంటును పీడీఎఫ్ లోపల చేర్చలేదు, అది మీ కంప్యూటర్లోనూ లేదు. పంపినవారిని ఫాంట్లు చేర్చి మళ్లీ పీడీఎఫ్ చేయమనండి. అసలు సవరణ అదే.

అక్షరాలు మసకగా ఉన్నాయి. స్కాన్ ఫైలైతే అది ఫైలు నాణ్యత. టైపు చేసిన ఫైలులోనూ అలాగే ఉంటే, విండోస్‌లో ఆ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్ తెరిచి, కంపాటిబిలిటీ విభాగంలో హై డీపీఐ (చుక్కలు దట్టంగా ఉన్న తెరల కోసం ఉన్న) సెట్టింగులు మార్చి చూడండి.

ఎడ్జ్ మళ్లీ డిఫాల్ట్‌గా వచ్చేసింది. విండోస్ పెద్ద నవీకరణల తర్వాత ఇలా జరగవచ్చు. 9వ మెట్టులో చెప్పిన పద్ధతిని మళ్లీ చేస్తే సరిపోతుంది.

ఒక చిన్న పని ఈ రీడర్ చేయడం లేదు, ఆన్‌లైన్ సైటులో చేసుకోవచ్చా? పేజీలు కలపడం, విడదీయడం లాంటివాటికి చాలామంది ఏదో సైటులోకి ఫైలు ఎక్కించేస్తారు. అందులో మీ సంతకం, ఖాతా వివరాలు, వైద్య నివేదికలు ఉండవచ్చు. దయచేసి అలా చేయకండి. కావలసిన పేజీలు మాత్రమే విడదీయాలంటే ప్రింట్ తెరిచి, ఆ పేజీల సంఖ్యలిచ్చి, ప్రింటర్ బదులు పీడీఎఫ్‌గా సేవ్ చేసే ఎంపిక తీసుకోండి. ఫైలు ఇల్లు దాటదు.

ఫైలు ఏ రీడర్‌లోనూ తెరుచుకోవడం లేదు. ముందు దాని సైజు చూడండి. సున్నా గానీ, కొద్ది కిలోబైట్లు గానీ ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయి ఉండవచ్చు, లేదా పీడీఎఫ్ పేరుతో వెబ్ పేజీ ఒకటి దిగి ఉండవచ్చు. మళ్లీ దించుకోండి. సైజు సరిగ్గానే ఉంటే వేరే ఇంజిన్ ఉన్న రీడర్‌లో ప్రయత్నించండి. రెండు ఇంజిన్లూ తెరవలేకపోతే ఫైలే పాడైనట్టు. పంపినవారిని ఇంకోసారి పంపమని అడగండి.